తొమ్మిదేళ్లు పక్కవాద్యం వాయించాక సొంత పాటతో ముందుకు రావడం ఎలా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నువ్వు జత చేసిన పాట నాలుగుసార్లు విన్నాను, రెండుసార్లు ఫోన్ స్పీకర్‌లో, రెండుసార్లు హెడ్‌ఫోన్స్‌లో. చదివే మిగతావాళ్ల కోసం నువ్వు అడిగింది క్లుప్తంగా చెబుతాను. నీకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లుగా వేరే గాయకుల వెనక ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్నావు, మధ్యమధ్యలో స్టూడియో పని. రూట్స్ రాక్ అంటే ప్రాణం. తెలుగులో పన్నెండు సొంత పాటలు రాసి పెట్టుకున్నావు. గొంతు మీద నమ్మకం లేదు. ముందుకొస్తే ఉన్న పని పోతుందేమోనని టెన్షన్. అమెరికాలో వెనక వాయించినవాళ్లు ముందుకొచ్చి ఎలా నిలబడ్డారు, అందులో మనకి పనికొచ్చేది ఏమైనా ఉందా అన్నావు.

ఉంది. నేను ఇరవై రెండేళ్లు వెనకే నిలబడ్డాను. చర్చి, పెళ్లి ఆర్కెస్ట్రాలు, పబ్‌లు, చెన్నైలోనూ హైదరాబాద్‌లోనూ సినిమా పాటలకి బిట్లు. సొంత పాటలతో స్టేజీ ఎక్కేసరికి నాకు 41. అప్పుడు తెలుసుకున్నది ముందే చెప్పేస్తాను: ఇన్నేళ్లూ ఇంకొకరి గొంతుకి నువ్వు చేసిన సేవ ఏదైతే ఉందో, అదే ఇప్పుడు నీ గొంతుకి చెయ్యాలి. వినడానికి సులువుగా ఉంటుంది కానీ గిటారిస్టులకి ఇదే కష్టం.

నా మొదటి షో సికింద్రాబాద్‌లో ఒక చిన్న కెఫేలో జరిగింది. ఇరవై మంది ఉంటారేమో. మొదటి పాట జి స్కేల్‌లో పెట్టుకున్నాను. కారణం ఒక్కటే, ఆ రిఫ్, అంటే పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క, తీగల్ని జికి శ్రుతి చేసుకునే ఓపెన్ జి ట్యూనింగ్‌లో చేతికి హాయిగా పడుతుంది. ఆ స్కేల్ గొంతుకి సరిపోతుందా అని ఒక్కసారి కూడా చూసుకోలేదు. చరణం పైకి వెళ్లేసరికి గొంతు పట్టేసింది. వెంటనే సోలో ఎత్తుకున్నాను. పదహారు బార్లు (తాళావర్తాలు) అనుకున్నది నలభై ఎనిమిది దాకా లాగాను. చప్పట్లు బాగానే పడ్డాయి. షో అయ్యాక బయట టీ తాగుతుంటే ఒక కుర్రాడు వచ్చి, "గిటార్ చాలా బాగుంది సార్, ఇంతకీ ఆ పాట దేని గురించి?" అని అడిగాడు. ఆ పాట మా నాన్న తన దుకాణం మూసేసిన రోజు గురించి. ఆయన తాళం వేసి, లాగి చూసి, మళ్లీ లాగి చూసిన క్షణం గురించి. అందులో ఒక్క ముక్క కూడా అతనికి చేరలేదు.

రాత్రి ఇంటికెళ్లి ఫోన్‌లో రికార్డింగ్ విన్నాను. దాని కిందే ముందురోజు ఫైల్ ఉంది, ఒక రిసెప్షన్‌లో నేను ఒక గాయని వెనక వాయించింది. రెండూ వరసగా విన్నాను. ఆవిడ పాడుతున్నంతసేపూ నా గిటార్ ఎక్కడుందో వెతుక్కోవాలి. లైను అయ్యాక ఆవిడ ఊపిరి తీసుకునే చోట రెండు స్వరాలు, అంతే. చరణం మొదట్లో వాల్యూమ్ తగ్గించాను, పల్లవి దగ్గరికి వచ్చేటప్పుడు ఒక్క స్ట్రమ్‌తో ఎత్తి ఇచ్చాను. నా పాటలోనేమో ప్రతి లైను మీదా గిటార్ మాట్లాడుతూనే ఉంది. ఆవిడ స్కేల్ ఎంతో రిహార్సల్‌కి ముందే ఫోన్ చేసి కనుక్కున్నవాణ్ని, నా స్కేల్ ఎంతో నాకు తెలీదు. ఆవిడకి ఇచ్చిన మర్యాద నాకు నేను ఇచ్చుకోలేదు.

సైడ్‌మ్యాన్ అని ఇంగ్లిష్‌లో అంటారు, మన కచేరీలో ఎప్పటినుంచో పక్కవాద్యం అనే మాట ఉంది. పక్కన కూర్చుని గాయకుణ్ని మోసే వాద్యం. వయొలిన్‌ని అలాగే చూసేవాళ్లు. విజయనగరంలో పనిచేసిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు అదే వయొలిన్‌తో స్టేజీ మధ్యలో కూర్చున్నారు, 1938లో వేలూరులో సోలో కచేరీ చేశారు. పక్కనున్నవాడు మధ్యకి రావడం మన దగ్గర కొత్తేం కాదని గుర్తుచెయ్యడానికే ఈ మాట.

ఇక నువ్వడిగిన అమెరికా సంగతి. రూట్స్ రాక్ అంటే తెలియనివాళ్లకి ఒక్క ముక్క: రాక్ ఏ వేళ్ల మీద పుట్టిందో ఆ కంట్రీ, బ్లూస్, గోస్పెల్, జానపదం పైకి కనిపించేలా వాయించే రాక్. ఇందులో నేను ఎక్కువగా గమనించింది గిటారిస్ట్ మైక్ క్యాంప్‌బెల్‌ని. ఫ్లోరిడావాడు. గెయిన్స్‌విల్‌లో ఒక ఇంట్లో చవక జపాన్ గిటార్ పట్టుకుని చక్ బెర్రీ పాట వాయిస్తే రాక్ గాయకుడు టామ్ పెటీ అక్కడికక్కడే బ్యాండ్‌లో చేర్చుకున్నాడు. అక్కడి నుంచి 2017 అక్టోబరులో పెటీ చనిపోయేదాకా, నాలుగున్నర దశాబ్దాలు, ఆయన పక్కనే నిలబడ్డాడు.

క్యాంప్‌బెల్ వాయింపు ఎలాంటిదో తెలియాలంటే పెటీ బ్యాండ్ హార్ట్‌బ్రేకర్స్ 1976లో తెచ్చిన మొదటి ఆల్బమ్‌లో 'బ్రేక్‌డౌన్' పాట విను. రికార్డింగ్‌లో ఆ పాట చాలా పొడుగ్గా సాగింది. చివర్లో, పాట ఇక ఆగిపోతుందనగా, క్యాంప్‌బెల్ చేతిలోంచి ఒక చిన్న లిక్, అంటే కొన్ని స్వరాల గిటార్ ముక్క, పడింది. అప్పుడు స్టూడియోకి వచ్చిన డ్వైట్ ట్విలీ అనే గాయకుడు అది విని, పాటంతా ఇదే కదా అన్నాడు. పెటీ అర్ధరాత్రి వేళ ఇళ్లకి వెళ్లిపోయిన బ్యాండ్‌ని మళ్లీ పిలిపించి, ఆ లిక్‌ని పాట మొదట్లో పెట్టి మొత్తం కొత్తగా రికార్డ్ చేశాడు. ఇప్పుడు ఆ పాట అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆ లిక్కే. పాటకి ఏది ముఖమో ఆ ఒక్కటి పెట్టి, మిగతాదంతా వదిలేయడం ఈ మనిషి విద్య.

ముందుకు ఎలా వచ్చాడు అన్నది నీకు ఇంకా ముఖ్యం. ఇంట్లో చిన్న మెషీన్ మీద ట్రాక్‌లు చేసి పెటీకి ఇచ్చేవాడు, పెటీ వాటికి మాటలు రాసేవాడు. 'రెఫ్యూజీ' అలా పుట్టిందే. పెటీకి నప్పని ఒక ట్రాక్ గాయకుడు డాన్ హెన్లీ దగ్గరికి వెళ్లి 1984లో 'ది బాయ్స్ ఆఫ్ సమ్మర్' అయింది. అంటే రచయితగా ఆయన పేరు ఎప్పుడో పడింది, పాడటం మాత్రం మొదలవలేదు. తర్వాత హార్ట్‌బ్రేకర్స్ టూర్ల మధ్య ఖాళీల్లో, డర్టీ నాబ్స్ అని ఒక సైడ్ బ్యాండ్ పెట్టుకుని లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల చిన్న క్లబ్బుల్లో పాడటం మొదలుపెట్టాడు. ఏళ్ల తరబడి ఆల్బమ్ లేదు, హడావుడి లేదు. స్టేడియాల్లో వాయించే మనిషి చిన్న బార్లలో నిలబడి పాడటం నేర్చుకున్నాడు. పెటీ పోయాక 2018లో ఫ్లీట్‌వుడ్ మ్యాక్ అనే బ్యాండ్‌తో టూర్‌కి వెళ్లాడు, అక్కడ ఒక పాటకి తనే గొంతు ఇచ్చాడు. డర్టీ నాబ్స్ మొదటి ఆల్బమ్ 2020 నవంబరులో వచ్చింది. అప్పటికి ఆయనకి 70 ఏళ్లు.

ఆ చిన్న క్లబ్బుల సంవత్సరాల్ని జాగ్రత్తగా చూడు. ఉన్న పని మానలేదు. గొంతుని కూడా ఒక వాద్యంలాగే చూసి, జనం ముందే సాధన చేశాడు. నువ్వు గిటార్ ఎలా నేర్చుకున్నావో గుర్తుందా? గదిలో ఒక్కడివే కూర్చుని కాదు కదా, ఆర్కెస్ట్రాలో నలుగురి ముందు తప్పులు వాయించి నేర్చుకున్నావు. పాడటం మాత్రం గదిలోనే పూర్తిగా కుదరాలి, అప్పుడే బయటికి రావాలి అంటున్నావు. అలా కుదరదు తమ్ముడూ.

'ది బ్యాండ్' అనే పేరున్న బృందం కథ దీనికి ఇంకో వైపు. మొదట రానీ హాకిన్స్ అనే గాయకుడి వెనక, తర్వాత 1965, 66 టూర్లలో బాబ్ డిలన్ వెనక వాయించారు. జానపద గాయకుడిగా పేరున్న డిలన్ ఎలక్ట్రిక్ వాద్యాలతో వచ్చినందుకు జనం గోల చేసేవాళ్లు, అది భరించలేక డ్రమ్మర్ లీవన్ హెల్మ్ కొన్నాళ్లు వెళ్లిపోయి సముద్రంలో ఆయిల్ రిగ్గు మీద పని చేశాడు. తర్వాత వుడ్‌స్టాక్ దగ్గర ఒక గులాబీరంగు ఇంట్లో, నేలమాళిగలో కూర్చుని రోజుల తరబడి పాటలు వాయించుకున్నారు. చిన్న గది, గట్టి గోడలు. గట్టిగా వాయిస్తే ఒకరి గొంతు ఒకరికి వినపడదు. వాల్యూమ్ తగ్గించుకున్నారు. 1968లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్‌కి ఆ ఇంటి పేరే పెట్టారు. రాబీ రాబర్ట్‌సన్ అప్పటికే నిప్పులు కురిపించే గిటారిస్ట్‌గా పేరున్నవాడు, ఆ ఆల్బమ్‌లో ఆయన సోలోల కోసం వెతుక్కోవాలి. పాటలు రాశాడు, పాడే పని ఎక్కువగా తనకంటే బాగా పాడే ముగ్గురికి వదిలేశాడు. నీ బ్యాండ్‌లో నీ పాట నీకంటే బాగా పాడేవాళ్లుంటే అదీ ఒక దారే. నువ్వు పాడకపోతే నీ పాట కాకుండా పోదు.

కానీ గొంతు చిన్నదన్న ఒక్క కారణంతో ఆ దారి పట్టకు. ఓక్లహోమాలో టల్సావాడు, గిటారిస్ట్, గాయకుడు జె.జె. కేల్‌ని విను. ఆయన గొంతు పక్కన కూర్చుని చెవిలో చెప్పినట్టు ఉంటుంది. రికార్డుల్లో గొంతుని ముందుకు తోయకుండా వాద్యాల మధ్యలోనే కూర్చోబెట్టేవాడు, కావాలనే. 1970లో పేరున్న గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ ఆయన పాట ఒకటి రికార్డ్ చేసేనాటికి కేల్ డబ్బుకి కటకటలాడుతున్నాడు. ఆ పాట డబ్బుతో, పేరుతో సొంత ఆల్బమ్ చేశాడు, అందులో డ్రమ్ మెషీన్ కూడా వాడాడు. ఏ పాటలోనూ గొంతుతో బరువెత్తే ప్రయత్నం చెయ్యలేదు. ఆయన పద్ధతి విని ఎందరో పెద్ద గిటారిస్టులు తమ వాయింపు మార్చుకున్నారు.

మరీ తొందరపడకూడదు అనడానికి గ్లెన్ క్యాంప్‌బెల్ అనే ఇంకో క్యాంప్‌బెల్ చాలు. ఆర్కన్సా పల్లెటూరి నుంచి 1960లో లాస్ ఏంజెలెస్ వెళ్లి, అక్కడి స్టూడియోల్లో లెక్కలేనన్ని పాటలకి గిటార్ వాయించాడు. బీచ్ బాయ్స్ బ్యాండ్ టూర్‌లో బ్రయన్ విల్సన్ బదులు వెళ్లి బేస్ వాయిస్తూ పై గొంతు పాడాడు. క్యాపిటల్ కంపెనీతో 1962లోనే సొంతంగా ఒప్పందం అయింది. అంత గొంతు, అంత చెయ్యి, అంత పెద్ద కంపెనీ ఉండి కూడా 1967 దాకా నిలబడలేదు. అప్పుడు జాన్ హార్ట్‌ఫర్డ్ రాసిన ఒక పాట, వెంటనే జిమ్మీ వెబ్ రాసిన ఇంకో పాట దొరికాయి. ఆ ఐదేళ్లు ఆయనకి లోటైంది పాట ఒక్కటే. జేసన్ ఇజ్‌బెల్ కూడా అంతే, డ్రైవ్-బై ట్రక్కర్స్ అనే బ్యాండ్ నుంచి 2007లో బయటికొచ్చాడు, జనం గుండెలో కూర్చున్న ఆల్బమ్ 2013లో వచ్చింది.

ఇక నీ పని దగ్గరికి వద్దాం. ముందు స్కేల్. నీ పన్నెండు పాటలకీ గిటార్ పక్కన పెట్టు. ఉదయం లేచిన గంటలో ఒకసారి, రాత్రి భోజనం అయ్యాక ఒకసారి, మామూలుగా ఎవరితోనైనా మాట్లాడే గొంతుతో పల్లవి ఎత్తుకో. ఎక్కడ ఆగిందో అప్పుడు గిటార్‌తో చూసి రాసుకో. ఆ రెండింటికీ మధ్యలో నీ స్కేల్ ఉంటుంది. రిఫ్ ఆ స్కేల్‌లో చేతికి పడకపోతే కేపో (మెడ మీద తీగలన్నీ నొక్కే క్లిప్పు) పెట్టు, ట్యూనింగ్ దించు, లేకపోతే రిఫ్ మార్చు. గొంతుని మాత్రం రిఫ్ కోసం లాగకు. ఇందాక చెప్పిన 'బాయ్స్ ఆఫ్ సమ్మర్'కి ట్రాక్ మొత్తం పూర్తయ్యాక హెన్లీ స్కేల్ మార్చాలన్నాడు. మైక్ క్యాంప్‌బెల్ అప్పటికప్పుడు తోచి వాయించిన గిటార్ ముక్కలన్నీ టేప్ విని నేర్చుకుని, కొత్త స్కేల్‌లో మొదటి నుంచీ మళ్లీ వాయించాడు. ఇంకొకరి గొంతు కోసం అంత చేశాడు, నీ గొంతు కోసం నువ్వు చెయ్యలేవా?

తర్వాత మాటలు. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే తెలుగులో ఈ సంగీతం చేసేవాళ్లు తక్కువ, చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. ఇంగ్లిష్‌లో మాటకి ఒక అక్షరం మీద ఒత్తు పడుతుంది, ఆ ఒత్తు డ్రమ్ దెబ్బతో కలుస్తుంది. మనకి ఆ ఒత్తు లేదు, మనకున్నది గురువు, లఘువు. గురువు రెండు మాత్రలు, లఘువు ఒక మాత్ర. ఇప్పుడు షఫుల్ ఎలా నడుస్తుందో ఆలోచించు. ఒక బీట్‌ని మూడు ముక్కలు చేసి, మొదటి రెండు ముక్కలు ఒకే స్వరం, మూడోది ఇంకో స్వరం. పొడుగు, పొట్టి, పొడుగు, పొట్టి. అది అచ్చంగా మన హగణం, గురువు లఘువు. మూడు ముక్కలూ విడివిడిగా వాయిస్తే నగణం. ఆటవెలదిలో, తేటగీతిలో వచ్చే సూర్యగణాలు ఈ రెండే. చిన్నప్పుడు బళ్లో గణవిభజన చేసి మర్చిపోయాం కానీ బ్లూస్ షఫుల్ మన తిస్రగతిలోనే నడుస్తోంది.

నేను ఒక పాటకి రాసుకున్న లైన్లు చూడు: "పెట్టె సర్ది బండి ఎక్కి పాత ఊరు దాటినాను, వెనక చూడలేదు నేను." పెట్టె, సర్ది, బండి, ఎక్కి, పాత, ఊరు అన్నీ గురువు లఘువే. "వెనక" దగ్గర మూడు లఘువులు వచ్చి చిన్న పరుగు తీస్తుంది. షఫుల్ వాయిస్తూ పైకి చదువు, ట్యూన్ లేకుండానే మాట ఊగుతుంది. ఇంకోటి చూడు, "పెట్టె", "ఎక్కి" లాంటి ద్విత్వాలు నోట్లో చిన్న డ్రమ్ దెబ్బలు. వాటిని స్నేర్ డ్రమ్ పడే రెండో బీటు, నాలుగో బీటు మీద వేసి చూడు.

మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లిష్ లైను చాలాసార్లు హల్లుతో టక్కున ఆగుతుంది, ఆగిన వెంటనే గిటార్ దూరిపోవచ్చు. మన లైను చివర అచ్చు కాసేపు మోగుతుంది, దాని మీద గిటార్ వేస్తే మాట తోక నలిగిపోతుంది. అమెరికన్ రికార్డులు విని నేర్చుకున్న గిటారిస్టు తెలుగు పాటలో ఈ తప్పు తెలియకుండానే చేస్తాడు. అర బీటు ఆగి రా. అలాగే పై స్వరం మీద 'ఇ', 'ఉ' పడకుండా చూసుకో, 'ఆ', 'ఓ' పడితే గొంతు తెరుచుకుంటుంది. లైను తిప్పి రాస్తే చాలాసార్లు కుదురుతుంది.

స్టేజీ మీద మారేది ఇంకొకటి ఉంది, వేగం. పాట ఏ వేగంలో మొదలవ్వాలో ఇన్నాళ్లూ ఎవరో నిర్ణయించారు, నువ్వు పట్టుకున్నావు. ఇప్పుడు కౌంట్ ఇచ్చేది నువ్వే. నా దుకాణం పాట ఇంట్లో నిమిషానికి 92 బీట్ల వేగంతో పాడేవాణ్ని, స్టేజీ మీద రికార్డింగ్ చూస్తే 103. భయం పాటని పరుగెత్తిస్తుంది. అప్పటి నుంచి ప్రతి పాటకీ వేగం కాగితం మీద రాసుకుని, మొదలుపెట్టే ముందు ఫోన్‌లో ఆ వేగం చూపే మెట్రోనోమ్ దీపం చూసి, పల్లవి మొదటి లైను మనసులో పాడుకుని, అప్పుడు కౌంట్ ఇస్తాను. నాలుగు సెకన్లు పడుతుంది. జనం ఆగుతారు.

నీ టెన్షన్ పని పోతుందేమోనని. పోదు, ఒక పని చేస్తే. నువ్వు ఎవరి వెనక ఎక్కువగా వాయిస్తున్నావో వాళ్లకి ఇంకొకరి నోటి ద్వారా తెలియనివ్వకు. నువ్వే వెళ్లి చెప్పు: అన్నా, అక్కా, నెలకి ఒక శనివారం నా పాటలు పాడుకుంటాను, ఆ రోజుకి నా బదులు ఫలానా కుర్రాణ్ని నేనే తయారుచేసి పంపుతాను అని. నేను అలా చెప్పాను. ఇద్దరు సంతోషించారు, ఒకాయన పిలవడం మానేశాడు, ఏడాది తర్వాత ఆయనే మళ్లీ పిలిచాడు. వాళ్ల షోలోనే మధ్యలో నీ పాట ఒకటి పాడతానని అడుగు. గాయకులకి గొంతుకి విశ్రాంతి ఇవ్వడానికి ఐదు నిమిషాలు కావాలి, కాదనరు. బడీ మిల్లర్ కంట్రీ గాయని ఎమిలూ హారిస్ వెనక గిటార్ వాయిస్తూనే 1995 నుంచి సొంత ఆల్బమ్‌లు తెచ్చాడు. నాష్‌విల్‌లో తన ఇంటి గదుల్నే స్టూడియో చేసుకున్నాడు. ఆయనా, భార్య జూలీ రాసిన పాటలు పెద్ద కంట్రీ గాయనులు రికార్డ్ చేశారు. ఒక పని ఇంకోదాన్ని మింగలేదు. గాయకుడు ఎల్విస్ కాస్టెలో వెనక వాయించిన లోవెల్ అక్కచెల్లెళ్లు కూడా అంతే. లార్కిన్ పో పేరుతో ఇంట్లో కూర్చుని చిన్న వీడియోలు పెడుతూ, సొంత పాటలు చేస్తూ, 2024లో బ్లూస్ ఆల్బమ్‌కి గ్రామీ తీసుకున్నారు.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. వెనక వాయించినవాడికి ఆ రోజు కూలీ ముడుతుంది, పాట రాసినవాడికి పాట బతికినన్నాళ్లూ వస్తుంది. అమెరికాలో డిజిటల్ రేడియో డబ్బు పంచే సౌండ్‌ఎక్స్ఛేంజ్ లెక్క చూడు: రికార్డు హక్కుదారుకి 50 శాతం, ముందు పేరున్న కళాకారుడికి 45 శాతం, వెనక పాడినవాళ్లూ వాయించినవాళ్లూ అందరికీ కలిపి 5 శాతం. మన దేశంలో 2012లో కాపీరైట్ చట్టం మార్చాక, సినిమాకి రాసినా సరే, థియేటర్‌లో సినిమాతో పాటు వినిపించినప్పుడు తప్ప, పాట రాసినవాళ్ల, ట్యూన్ కట్టినవాళ్ల రాయల్టీ వాటా వాళ్లు రాసిచ్చేసినా పోదు. మాటలూ ట్యూనూ నీవే కాబట్టి పాట బయటికొచ్చే ముందే, ఆ రాయల్టీ వసూలు చేసి పంచే ఐపీఆర్‌ఎస్ అనే సంస్థలో సభ్యత్వం తీసుకుని పాట నమోదు చెయ్యి. ఒకసారి ఒక సినిమా పాటకి నేను అప్పటికప్పుడు వాయించిన రిఫ్ ఆ పాటకే గుర్తు అయిపోయింది, పెళ్లిళ్లలో అందరూ అదే ఈల వేస్తారు. నాకు ఆ పూట కూలీ ముట్టింది, పేరు ఎక్కడా లేదు. అప్పట్లో అడగాలని కూడా తెలీదు. నీకు తెలియాలి. నువ్వు పిలిచే డ్రమ్మర్‌కి, బేసిస్ట్‌కి మాట్లాడుకున్న డబ్బు షో అయిన రాత్రే ఇవ్వు, రికార్డింగ్ మీద వాళ్ల పేర్లు వెయ్యి. ఎక్కడ నొప్పి పుడుతుందో మనకి తెలుసు కదా.

పన్నెండు పాటలూ ఒకేసారి రికార్డ్ చెయ్యకు. నాలుగు చాలు. గిటార్, గొంతు కలిపి ఒకే టేక్‌లో, ఒకే గదిలో రికార్డ్ చెయ్యి. విడివిడిగా చేస్తే గిటార్‌కి ఇరవై టేక్‌లు తీసుకుని చివర్లో అలిసిపోయి గొంతు పెడతావు, మనవాళ్లందరి అలవాటు అది. కలిపి చేస్తే చెయ్యి దానంతటదే గొంతుకి దారి ఇస్తుంది, తొమ్మిదేళ్లుగా దానికి అదే పని.

నువ్వు పంపిన పాట సంగతి. మాటలు మంచివి. ముఖ్యంగా అమ్మ ఫోన్‌లో "తిన్నావా" అని అడిగి, జవాబు వినకముందే ఫోన్ పెట్టేసే లైను. అది విని నేను ఆపి, కాసేపు ఊరికే కూర్చున్నాను. కానీ అది మొదటి వినికిడిలో నాకు అందలేదు, మూడోసారి హెడ్‌ఫోన్స్‌లో అందింది. ఆ లైను కిందే నువ్వు ఒక బెండ్ (తీగ లాగి స్వరం ఎత్తడం) వేశావు, అందమైన బెండ్, అమ్మ మాట మీద పడింది. తీసెయ్యి. రెండో చరణంలో "ఊరికి" దగ్గర పై స్వరం సరిగ్గా 'ఇ' మీద పడింది, అందుకే అక్కడ గొంతు సన్నబడింది. గొంతు తప్పు కాదది. పాట ఇప్పుడు ఇ స్కేల్‌లో ఉంది, నీ మాట్లాడే గొంతు వింటే సి దగ్గర హాయిగా ఉంటుందనిపిస్తోంది. సోలో ఇరవై నాలుగు బార్లు ఉంది, ఎనిమిది చేసి, మిగతా చోట పల్లవి ఇంకోసారి పాడు.

సి స్కేల్‌లో, గిటార్ గొంతు ఒకే టేక్‌లో, ఫోన్‌లోనే రికార్డ్ చేసి ఇక్కడే పెట్టు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం నాకు పని లేదు, కూర్చుని వింటాను.